పరుగెత్తినవాళ్ళ చేతికి మైకు ఇవ్వండి

1985 జూలై 16. ఫ్రాన్స్‌లోని నీస్ నగరం. 1500 మీటర్ల పరుగు 3 నిమిషాల 29.67 సెకన్లలో అయిపోయింది. అప్పటిదాకా ఏ మనిషీ ఆ దూరాన్ని మూడున్నర నిమిషాల లోపు పరుగెత్తలేదు. పదకొండు రోజుల తర్వాత ఓస్లోలో అదే మనిషి మైలు పరుగెత్తాడు: 3 నిమిషాల 46.32 సెకన్లు, ఇంకో ప్రపంచ రికార్డు. మళ్ళీ ఎనిమిది రోజులకి, ఆగస్టు 4న, బుడాపెస్ట్‌లో 2000 మీటర్లు: 4 నిమిషాల 51.39 సెకన్లు, మూడో రికార్డు. మొత్తం 19 రోజులు. మన దగ్గర ఒక ఇంటర్నల్‌కీ ఇంకో ఇంటర్నల్‌కీ మధ్య అంతకంటే ఎక్కువ గ్యాప్ ఉంటుంది.

ఆయన పేరు స్టీవ్ క్రామ్, ఇంగ్లండ్. ఇవాళ అథ్లెటిక్స్ చూసే మన వయసు వాళ్ళలో చాలామందికి ఆయన ముఖం తెలీదు, గొంతు తెలుసు. బీబీసీలో పరుగు పందేలకి ఏళ్ళ తరబడి కామెంటరీ చెబుతున్నది ఆయనే. యూట్యూబ్‌లో పాత రేసుల క్లిప్పులు చూసేవాళ్ళకి ఆ గొంతు బాగా అలవాటు.

ఇలాంటివాళ్ళ గురించి మనం మామూలుగా ఏమంటాం? "రిటైరయ్యాడు కదా, టీవీలో కూర్చుని మాట్లాడుకుంటున్నాడు" అంటాం. అందులో కొంచెం జాలి ఉంటుంది, కొంచెం చులకన కూడా. అసలు పని అయిపోయింది, ఇప్పుడు చేసేది టైంపాస్ అన్నట్టు. నేను దీన్ని ఒప్పుకోను. క్రామ్ చేసిన రెండో ఉద్యోగం మొదటిదానికి తోక కాదు. ఒక ఆట ఒక భాషలో బతకాలంటే ఆ ఆట ఆడినవాళ్ళు ఆ భాషలో నోరు విప్పాలి. ఆయన చేసింది అదే. తెలుగులో పరుగుకి ఇంకా జరగనిది కూడా అదే.

ముందు ఆయన ఎవరో కొంచెం చెప్పాలి. 1960లో పుట్టాడు. ఇంగ్లండ్ ఈశాన్య మూల జారో, హెబ్బర్న్ అని ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్ళు ఉన్నాయి, పెరిగింది అక్కడే. ఆ ఊరి పేరు మీదే 'జారో యారో' అని ముద్దుపేరు వచ్చింది. జారో బాణం అనుకోండి. పదిహేడేళ్ళకే కామన్వెల్త్ క్రీడలకి వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళకి 1980 మాస్కో ఒలింపిక్స్ 1500 ఫైనల్లో పరుగెత్తాడు. పంతొమ్మిది అంటే నా వయసే, అందుకే ఆ అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ ఫైనల్లో ఎనిమిదో స్థానం. గెలిచింది సెబాస్టియన్ కో, మూడో స్థానం స్టీవ్ ఓవెట్‌ది. ఇద్దరూ ఆయన దేశం వాళ్ళే. ఇంట్లోనే ప్రపంచంలో మొదటి ఇద్దరు ఉంటే మూడోవాడి గతి ఏంటో ఆలోచించండి. కానీ 1983లో హెల్సింకీలో మొట్టమొదటి ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ పెడితే 1500లో స్వర్ణం క్రామ్‌కే వచ్చింది. తర్వాతి ఏడాది లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కో వెనకాల రజతం. 1985 సంగతి పైన చెప్పాను. 1986 కామన్వెల్త్‌లో 800, 1500 రెండూ గెలిచాడు. 1988 సియోల్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్ స్వర్ణం మాత్రం ఎప్పటికీ రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. 1500 మీటర్ల పరుగు చూడటానికి సులభం, అర్థం కావడం కష్టం. వంద మీటర్ల పరుగుకి కామెంటరీ లేకపోయినా నష్టం లేదు. ముందున్నవాడు ముందున్నాడు, పది సెకన్లలో అయిపోతుంది. 1500 అంటే మూడు రౌండ్లూ, ఇంకో 300 మీటర్లూ. పన్నెండు మంది గుంపుగా వెళ్తుంటారు. తెలియని కంటికి మూడు నిమిషాల పాటు ఏమీ జరగడం లేదనిపిస్తుంది, చివర్లో ఎవడో ఒకడు ముందుకి వచ్చేస్తాడు. కానీ గెలుపు ఓటములు నిర్ణయమయ్యేది ఆ 'ఏమీ జరగని' మూడు నిమిషాల్లోనే.

ఒక చిన్న లెక్క. ట్రాక్ మీద ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. లోపలి అంచుని పట్టుకోకుండా ఒక లేన్ బయటగా రౌండంతా పరుగెత్తితే, ఆ రౌండులో అదనంగా పడే దూరం రెండు పైలు ఇంటూ 1.22, అంటే సుమారు 7.7 మీటర్లు. మూడున్నర నిమిషాల్లో 1500 అంటే సెకనుకి దాదాపు 7.14 మీటర్ల వేగం. కాబట్టి ఒక్క రౌండు బయటవైపు ఉండిపోతే సెకను పైనే పోతుంది. నీస్‌లో క్రామ్‌కీ, రెండోవాడు మొరాకో రన్నర్ సయీద్ అవీటాకీ మధ్య తేడా ఎంతో తెలుసా? 0.04 సెకను. ఆ వేగంలో అది ముప్పై సెంటీమీటర్లు కూడా లేదు, మన రికార్డు బుక్కు పొడవంత. అందుకే అందరూ లోపలి అంచు కోసం కొట్టుకుంటారు. కానీ లోపల ఉంటే ముందొకడు, పక్కనొకడు అడ్డంగా ఉండి బయటికి రానివ్వరు. లోపల ఉంటే ఇరుక్కుంటావు, బయట ఉంటే ఎక్కువ దూరం పరుగెత్తుతావు. ఊపిరి అందని స్థితిలో, సెకను సెకనుకీ, ఈ రెంట్లో ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడమే ఈ ఆట.

హెల్సింకీలో క్రామ్ గెలిచిన టైం ఎంతనుకున్నారు? 3 నిమిషాల 41.59 సెకన్లు. రెండేళ్ళ తర్వాత ఆయనే పెట్టిన రికార్డు కంటే పన్నెండు సెకన్లు నెమ్మది. అంకెలు మాత్రమే చూసేవాడు "ఇదేం ప్రపంచ చాంపియన్‌షిప్ రా" అంటాడు. అలాంటి రేసు ఎందుకు నెమ్మదిగా నడిచింది, ఎవడూ ముందుకి వెళ్ళడానికి ఎందుకు ఇష్టపడలేదు, ముందుండి గాలిని కోసేవాడు వెనకవాళ్ళకి ఎలా ఉపకారం చేస్తాడు, ఎవరు ఎప్పుడు తెగిస్తారు... ఇదంతా చెప్పడానికి ఆ గుంపులో మోచేతి దెబ్బలు తిన్నవాడు కావాలి. స్కోరు చదవడానికి ఎవరైనా చాలు.

2024 పారిస్ ఒలింపిక్స్ 1500 ఫైనల్ చూసినవాళ్ళు మనలో కొందరైనా ఉంటారు. చూడకపోతే ఈ రాత్రికే చూడండి, మూడున్నర నిమిషాలే కదా. నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ మొదట్నుంచీ ముందుండి వేగంగా లాగాడు. అందరి కళ్ళూ అతని మీదా, బ్రిటన్ రన్నర్ జాష్ కెర్ మీదా ఉన్నాయి. అమెరికా కుర్రాడు కోల్ హాకర్ ఆఖరి రౌండులో ఒకసారి లోపలివైపు నుంచి దూరబోయాడు, దారి మూసుకుపోయింది. ఆగాడు. ఆఖరి వంద మీటర్లలో అదే పక్క మళ్ళీ తెరుచుకుంది. 3 నిమిషాల 27.65 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. ఇంగెబ్రిగ్ట్‌సెన్ నాలుగో స్థానానికి పడిపోయాడు. మొదటిసారి చూసినప్పుడు కళ్ళు ముందున్న ఇద్దరినీ వదలవు. ఆ మూసుకుపోయిన దారి, ఆ ఆగడం కనిపించాలంటే ఎవరో వేలు పెట్టి చూపించాలి. అది చూపించాక మాత్రం 1500 ఇంకెప్పుడూ ముందులా కనిపించదు. మంచి కామెంటేటర్ మనకిచ్చేది ఆ చూపు.

క్రామ్ విషయంలో ఇంకో సంగతి ఉంది. 1983లో ఆయన గెలిచాక, 1500లో మళ్ళీ ఒక బ్రిటన్ మగాడు ప్రపంచ చాంపియన్ అవడానికి 39 ఏళ్ళు పట్టింది. 2022లో అమెరికాలోని యూజీన్‌లో జేక్ వైట్‌మన్ గెలిచాడు. ఆ రేసుకి బీబీసీలో కామెంటరీ చెప్పింది క్రామే. తన చోటుని ఇంకొకడు అందుకుంటుంటే ఆ క్షణాన్ని దేశానికి వినిపించే పని ఆయనకే పడింది. అదే స్టేడియంలో లౌడ్‌స్పీకర్ల మైకు పట్టుకున్నది ఎవరో తెలుసా? జేక్ నాన్న జెఫ్ వైట్‌మన్. ఆయన మారథాన్ రన్నర్, కొడుక్కి కోచ్, ఆ మీట్‌కి అనౌన్సర్. కొడుకు గెలిచిన సంగతి మొత్తం స్టేడియానికి తండ్రే ప్రకటించాడు. రాజమౌళి సినిమాలో పెడితే అతి అనేవాళ్ళం. ఇది యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ఊరికే జరగలేదు. పరుగెత్తినవాళ్ళకి మైకు ఇచ్చే అలవాటు ఉన్న చోట మాత్రమే ఇలాంటి యాదృచ్ఛికాలు జరుగుతాయి.

ఆ అలవాటు పాతది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మొదటిసారి నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తినప్పుడు, ఆయనకి వేగం పట్టి ఇచ్చిన ఇద్దరిలో ఒకడు క్రిస్ చాటవే. మరుసటి ఏడాదే చాటవే ఐటీఎన్ టీవీ వార్తలు చదివే మొదటి మనిషి అయ్యాడు. తర్వాత ఎంపీ, మంత్రి కూడా అయ్యాడు. ఇంకో ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పచ్చు గానీ విషయం అర్థమైంది కదా.

దీని మీద రెండు అభ్యంతరాలు ఉన్నాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది: బాగా పరుగెత్తినవాడు బాగా మాట్లాడగలడని గ్యారంటీ ఏంటి? లేదు. మనకి తెలిసిన కోడింగ్ టాపర్లలో ఎంతమంది మనకి రికర్షన్ అర్థమయ్యేలా చెప్పగలరు? మాట్లాడటం వేరే విద్య, నేర్చుకోవాలి. తమాషా ఏంటంటే, క్రామ్ వింటర్ ఒలింపిక్స్‌లో కర్లింగ్‌కి కూడా కామెంటరీ చెబుతాడు. మంచు మీద రాయిని జార్చే ఆట అది. ఆయన ఆ ఆటగాడు కాదు కాబట్టి పక్కన కర్లింగ్ ఆడినవాళ్ళు కూర్చుంటారు. అంటే ఆయన రెండు పనులు నేర్చుకున్నాడు: తనకి తెలిసింది చెప్పడం, తెలియనిది తెలిసినవాళ్ళ చేత చెప్పించడం. రెండోది వస్తేనే మంచి కామెంటేటర్. కాబట్టి "ఆడినవాడొక్కడే మాట్లాడాలి" అని నేననడం లేదు. ఆడినవాడు ఆ గదిలో ఉండాలి అంటున్నాను.

రెండోది కొంచెం ఇబ్బందికరమైనది. ఆడినవాళ్ళకి ఆటలో స్నేహితులుంటారు, కొన్నిసార్లు వ్యాపారాలు కూడా. క్రామ్ పక్కన చాలా ఏళ్ళు కామెంటరీ చెప్పిన బ్రెండన్ ఫాస్టర్ కూడా హెబ్బర్న్ వాడే, 1976 మాంట్రియల్‌లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచినవాడు. 1981లో గ్రేట్ నార్త్ రన్ అనే పెద్ద రోడ్డు పరుగు మొదలుపెట్టింది ఆయనే, టీవీలో దాని గురించి మాట్లాడిందీ ఆయనే. పెళ్ళికొడుకు తరఫువాడే పెళ్ళి భోజనం ఎలా ఉందో చెప్పినట్టు. ఫాస్టర్ చెప్పింది అబద్ధమని నేననడం లేదు, కానీ వినేవాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండాలి. లోపలి మనిషి లోపలి నిజాలు చెప్పగలడు, దాచగలడు కూడా. దీనికి మందు లోపలివాళ్ళని బయటికి పంపేయడం కాదు, పక్కన ప్రశ్నలు వేసే జర్నలిస్టుని కూర్చోబెట్టడం.

ఇక మన దగ్గరికి వద్దాం. మన భాషకి కామెంటరీ కొత్త కాదు. సంక్రాంతికో, ఊరి తిరనాళ్ళకో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి తెలుసు. మైకు పట్టుకున్నాయన ఏ జత, ఎవరిది, ఏ ఊరు, ఎన్ని అడుగులు లాగింది, టైం ఎంత మిగిలింది అన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటాడు. ఏ ఎద్దు అలిసిపోయిందో, ఏ ఎద్దు ఇంకా లాగగలదో ఆయనకి కనిపిస్తుంది, ఎందుకంటే ఎద్దులతో పెరిగినవాడు. కబడ్డీ తీసుకోండి. 'కూత' అనే ఒక్క మాటలో రెయిడ్ మొత్తం ఉంది. ఆ మాటని ఏ కమిటీ కూర్చుని తయారుచేయలేదు. ఆడినవాళ్ళ నోట్లోంచి వచ్చింది.

మరి పరుగు సంగతి? విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో ఆసియా చాంపియన్, 100 మీటర్ల హర్డిల్స్‌లో ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయురాలు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది. ఇద్దరూ తెలుగువాళ్ళు. ఇద్దరి గురించీ తెలుగులో చాలా రాశారు. ఏం రాశారో గుర్తు తెచ్చుకోండి: పేదరికం, అమ్మానాన్నల కష్టం, కన్నీళ్ళు, సన్మానం, చెక్కు. అవన్నీ నిజాలే, రాయాల్సినవే. కానీ హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య ఎన్ని అడుగులు పడతాయి, ఒక హర్డిల్ తగిలితే లయ ఎలా చెడుతుంది, 400లో చివరి వంద మీటర్లలో కాళ్ళు ఎందుకు రాయిలా అయిపోతాయి? ఇవి మనకి తెలుగులో ఎవరూ చెప్పలేదు. వాళ్ళ జీవితం మనకి కథ అయింది, వాళ్ళ విద్య మనకి అందలేదు.

2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ గుర్తుందా? జ్యోతి ఫైనల్లో పక్క లేన్‌లో ఉన్న చైనా అమ్మాయి వూ యాన్ని ముందే కదిలింది. జ్యోతిని కూడా తప్పించబోయారు. ఆమె ఒప్పుకోలేదు, అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తర్వాత వూని డిస్‌క్వాలిఫై చేశారు, జ్యోతి కాంస్యం రజతమైంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజు "చైనా మోసం" అని మాత్రమే నడిచింది. తుపాకీ పేలాక సెకనులో పదో వంతు లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అనే రూల్ ఎందుకుంది, పక్కవాళ్ళు కదిలితే మన ఒళ్ళు ఎందుకు తానే కదులుతుంది, గుండె దడదడలాడుతుంటే అధికారులతో వాదించి, మళ్ళీ వెళ్ళి బ్లాకుల్లో కూర్చుని పరుగెత్తడం అంటే ఏంటి? ఒక తెలుగు హర్డిలర్ ఆ సాయంత్రం తెలుగు టీవీలో పది నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే, మనకి కోపం బదులు ఆట తెలిసేది. జ్యోతి చేసిన పని ఎంత పెద్దదో కూడా అప్పుడే తెలిసేది.

"తెలుగులో ఆ మాటలు లేవు కదా" అంటారు కొందరు. ముఖ్యంగా నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు. లేకేం, మాటలున్నాయి. రొప్పడం, ఎగశ్వాస, కాళ్ళు పట్టేయడం, అడ్డం పడటం, సందు దొరకడం, ఆఖరి మలుపు, ఊపు దాచుకోవడం. మా తాతయ్య తరం వాళ్ళు రోజూ వాడిన మాటలే. ట్రాక్, లేన్, ల్యాప్ ఎలాగూ మనవైపోయాయి. కావలసింది డిక్షనరీ కాదు. ఆ రొప్పు తెలిసిన మనిషి, ఆ మనిషి ముందు ఒక మైకు.

మన అథ్లెట్లకి ముప్పై దాటాక ఏం మిగులుతుంది? అదృష్టం బాగుంటే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. మంచిదే, ఇల్లు గడుస్తుంది. కానీ ఇరవై ఏళ్ళు ఒళ్ళు అరగదీసుకుని నేర్చుకున్నది ఆ ఫైళ్ళలో ఎక్కడా పనికిరాదు. దాన్ని మాటగా మార్చే ఉద్యోగం కూడా ఉంటే, ఆ తెలివి వాళ్ళతోనే రిటైరవకుండా ఇంకో తరానికి అందుతుంది. క్రామ్ పెట్టిన 1500 రికార్డు అదే ఏడాది ఆగస్టులో అవీటా చేతిలో పోయింది. మైలు ప్రపంచ రికార్డు 1993లో పోయింది. బ్రిటన్ మైలు రికార్డు 2024 దాకా నిలిచింది, దాన్నీ జాష్ కెర్ తీసేసుకున్నాడు. రికార్డులు పోవడానికే ఉంటాయి. రేసుని ఎలా చూడాలో ఆయన నేర్పింది మాత్రం చూసేవాళ్ళ కళ్ళలో ఉండిపోయింది.

టీవీ చానళ్ళు మన మాట వినవు, తెలుసు. కానీ మన చేతిలో ఒక మైకు ఉంది. ప్రతి ఏడాది కాలేజీ స్పోర్ట్స్ మీట్‌లో 1500 జరుగుతున్నప్పుడు ఆ మైకులోంచి వచ్చేదేంటి? "కమాన్ సీఎస్ఈ, కమాన్ మెకానికల్", మధ్యలో ఒక సినిమా డైలాగు, ఒక డీజే బీటు. ట్రాక్ మీద ఒకడు మూడో రౌండులో ఊపిరి దాచుకుంటున్నాడని ఎవరికీ తెలీదు. ఈసారి యాంకర్ పక్కన ఇంకో కుర్చీ వేద్దాం. మన అథ్లెటిక్స్ టీంలో పరుగెత్తి, ఫైనల్ ఇయర్‌కి వచ్చి, ఇప్పుడు ప్లేస్‌మెంట్ల గొడవలో పడి ట్రాక్ వైపు రాని సీనియర్లు ఉన్నారు. వాళ్ళలో ఒక అక్కనో అన్ననో పిలుద్దాం. వాళ్ళకి నచ్చిన తెలుగులో, వచ్చిన యాసలో, రేసు ఎలా నడుస్తోందో చెప్పమందాం. లిటరరీ క్లబ్ తరఫున ఆ మాటలు రికార్డు చేసి, రాసి, వచ్చే సంచికలో వేద్దాం.

మొదటిసారి తడబడతారు, పర్లేదు. స్పోర్ట్స్ కమిటీ వాళ్ళు ఇది చదువుతుంటే, కుర్చీ నేను మోసుకొస్తాను. మైకు మాత్రం వాళ్ళకి ఇవ్వండి.